నలభై అక్షరాలు

మా నాయన బంగారుపాళెం నర్సరీలో అంట్లు కట్టేవాడు.
కొమ్మ ఒకటే, బేనీషా.
మొదలు మాత్రం ఏ టెంక మొలిస్తే అదే:
ఎర్రనేలది, రాళ్లచేనుది, కాలవగట్టుది.
చాకుతో ఏటవాలు కోత, పైన ప్లాస్టిక్ పట్టీ,
పట్టీ మీద బాల్‌పెన్నుతో తేదీ, పొట్టి సంతకం.
"మొక్కకి సంతకమెందుకు నాయనా?"
"ఐదేళ్లకి పుల్లకాయ కాస్తే
ఎవుర్ని తిట్టాల్నో తెలియాల గదా."

నేను గ్రీమ్స్‌పేటలో, మేడ మీది గదిలో,
తూకం అనే చిన్న ప్రోగ్రాముకి మూటలు కడతాను.
లోడు బరువు, ఖాళీ బండి బరువు,
సూట్ పేరుతో తీసేసిన కిలోలు, రైతు పేరు.
అంతే దాని చదువు.
లోపలి సరుకు మారదు.
డెబియన్‌కి ఒక మూట, ఫెడోరాకి ఒకటి,
బడి నుంచి వచ్చిన పాత ఉబుంటుకి ఇంకొకటి.
ఒక ఊళ్లో గోంగూర, ఇంకో ఊళ్లో పుంటికూర;
నాకు కావలసిన ఫాంటుకి మూడుచోట్లా మూడు పేర్లు.
పేరు తప్పు రాస్తే మూట విప్పుకోదు,
గడప మీదే కూర్చుని
అదే పేరు మళ్లీ మళ్లీ అడుగుతుంది.

జూన్ నెల, రాత్రి పదకొండున్నర.
దామలచెరువు కాటా ముందర ట్రాక్టర్ల వరస,
మొగిలీశ్వరి గొంతు వెనక హారన్లు.
"అక్కా, కొత్త మిషన్‌లో తూకం ఎక్కించాల.
పల్పు ఫ్యాక్టరీ ఇంతియాజ్ పెన్‌డ్రైవులో ఇచ్చినాడు.
నీదేనంట, ఇంకా బాగుంటాదంట.
సంతకం లేదు, వద్దంటా ఉండాది."

సంతకం లేనిదాన్ని లోపలికి రానీయొద్దని
ఆ మిషన్‌కి చెప్పింది నేనే, పోయిన శుక్రవారం.
పెన్‌డ్రైవు తీసెయ్యమన్నాను.
నా గోడౌను చిరునామా చెప్పి
అక్కడి నుంచే తెప్పించుకోమన్నాను.
తెప్పించింది. ఆగింది. అడిగింది:
ఈ తాళంచెవి నువ్వు నమ్మే మనిషిదేనా, అవునా, కాదా?
కింద నలభై అక్షరాలు.

"అవును కొట్టేదా?"
"ఉండు. చదువు."

వానకి లైను తెగుతోంది, అతుకుతోంది.
బీకీ డీకీ తేడా తెలియడం లేదు.
"బీ అంటే బేనీషానా?"
"బేనీషానే. ఏడు, సున్నా, డీ, డీజిల్.
నాలుగు. ఏ, ఏనుగు;
మొన్న పలమనేరు పక్క తోటలో పడ్డాయే, ఆ ఏనుగు.
సీ, సీతాఫలం. ఎఫ్, ఫ్యాక్టరీ. తొమ్మిది. ఈ...
ఈ రేటుకి కాయ అమ్మితే ఈతచాప కూడా మిగల్దంట,
ముందర నిలబడిన ఆయప్ప అంటాన్నాడు."
తను నవ్వింది. నేను నవ్వలేదు,
పెన్సిలుతో టిక్కులు పెట్టుకుంటున్నాను.
ఇరవై రెండో దాని దగ్గర ఎవరో అరిచారు,
మళ్లీ మొదటి నుంచి.
నలభయ్యోది ఎనిమిది.
నా కాగితం మీదా ఎనిమిదే.
"ఇప్పుడు కొట్టు."

తెల్లారి ఇంతియాజ్ మూట తెప్పించుకుని విప్పాను.
దొంగసరుకు ఉంటుందనే విప్పాను,
కిలోల దగ్గర వేలు పెట్టి ఉంటాడని.
కిలోలు ముట్టలేదు.
ఒక్క వరస చేర్చాడు.
ఫెడోరా మూట మీద ఫాంటు పేరు రాయడమే
నేను మరిచిపోయాను.
ఫ్యాక్టరీ మిషన్‌లో అతను ముందే చూశాడు.
రాత్రంతా నా సంతకంతో, నా నలభై అక్షరాల సాక్షిగా,
ప్రతి రసీదు అడుగునా కాటా మనిషి పేరు
మొగిలీశ్ వరి అని విరిగి పడింది.
మామిడి కాటాలో వరి ఎక్కడిదమ్మా అని
ఎంతమంది అడిగారో, తను నాకు చెప్పలేదు.

ఫోన్ చేస్తే ఇంతియాజ్ అన్నాడు:
"చెప్దామనుకున్నా మేడం, యాడ చెప్పాల్నో తెలీలేదు."
నిజమే. ఎక్కడ చెప్పాలో
నేను ఎక్కడా రాయలేదు.

ఆ వరసని నా కొమ్మకి అంటు కట్టాను.
మార్పుల చిట్టాలో మొదటి పేరు అతనిది.
కింద సంతకం నాది, తిట్లకి.

సాయంత్రం మొగిలీశ్వరి ఫోటో పంపింది.
తడిసిన రసీదు మీద
శకారం కింద వ ఒత్తు కుదురుగా కూర్చుంది.
నాలుగు టన్నుల లోడు.
సూట్ కింద రెండొందల కిలోలు పోయాయి.
దానికి మాత్రం
నా దగ్గర ఏ మూటా లేదు.